రెండు రోజుల పాదాల పాఠం

సువా,
ఫిబ్రవరి 10

అత్తకు,

మూడు శనివారాలుగా ఫోను చేస్తున్నాను. మూడుసార్లూ లోసలీని వదినే ఎత్తింది. "అత్త కొండెక్కలేదు, వానలు కదా" అంటుంది. మన ఊళ్ళో సిగ్నల్ మగాళ్ళు వేళ్ళు దంచుకుని మత్తుకి తాగే యంగోనా తోట ఉన్న ఆ కొండమీద తప్ప ఇంకెక్కడా రాదని తెలిసినదాన్నే కనుక నోరు మూసుకున్నాను. కానీ తుఫాను వచ్చిన ఏడాది కూడా గొడుగు పట్టుకుని పైకెక్కి, "సువాలో చినుకులేమైనా పడుతున్నాయా?" అని అడిగిన మనిషివి నువ్వు. ఇప్పుడు మామూలు వానకి భయపడుతున్నావంటే ఆ వానకి ఎంత గర్వంగా ఉందో! సరే, పడవలో వచ్చే ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు.

అసలు కబురు. మా కుట్టు ఫ్యాక్టరీ మూసేశారు. ఆరేళ్ళు స్కూలు యూనిఫారాలకి కాలర్లు కుట్టాను. గేటుకి ఒక కాగితం అంటించి మమ్మల్ని ఇంటికి పంపేశారు. అందులో మా సేవలకి కృతజ్ఞతలు కూడా ఉన్నాయి.

ఏడవకు. నేను వృద్ధుల సంరక్షణ కోర్సులో చేరాను. ఎనిమిది వారాలు. మార్కెట్ దగ్గర చెప్పుల దుకాణం పైఅంతస్తు. గోడమీద పెద్ద బొమ్మ. చక్రాల కుర్చీలో ఒక తెల్ల ముసలావిడ, వెనక ఒక నర్సు, ఇద్దరూ ఎందుకో పగలబడి నవ్వుతుంటారు. కింద "ఎనిమిది వారాల్లో మీ జీవితం మారిపోతుంది" అని రాసి ఉంటుంది. ఎటు మారుతుందో రాయలేదు.

డైరెక్టరు గారు రోజూ ఉదయం వచ్చి ఆస్ట్రేలియా గురించి చెబుతారు. ఆయన ఆస్ట్రేలియాకి ఒకేసారి వెళ్ళారట, అదీ ఎవరిదో పెళ్ళికి. పాఠాలు మాత్రం మిసెస్ రోషిలా చెబుతుంది. చేతిలో స్కేలు, గొంతులో స్కూలు గంట. ఇంతకుముందు బీమా పాలసీలు అమ్మేదట. ముసలాళ్ళని ఎలా చూసుకోవాలో బీమా ఏజెంటు కంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పు?

మేం పందొమ్మిది మందిమి. మా అందరికీ కలిపి రోగి ఒక్కడే, ప్లాస్టిక్ ముసలాయన, పేరు మిస్టర్ జార్జ్. అతనికి స్నానం చేయిస్తాం, పక్కకి తిప్పుతాం, అన్నం పెట్టినట్టు నటిస్తాం. తిట్టడు, ఉమ్మడు, కొడుకుని పిలవమని ఏడవడు. ఇలాంటి ముసలాళ్ళు ఆస్ట్రేలియాలో ఎక్కడ దొరుకుతారో గానీ, మమ్మల్ని వాళ్ళ కోసమే తయారుచేస్తున్నారు.

మార్చి 27న పరీక్ష. అదే రోజు ఆస్ట్రేలియా కంపెనీవాళ్ళు వచ్చి ముగ్గుర్ని ఎంచుకుంటారట. ఆ ముగ్గురిలో నేనుండాలి అత్తా. వెటకారం కాదు, ఈ ఒక్క వాక్యం నిజంగా రాస్తున్నాను.

ఎలా ఉన్నావో రాయి. "బాగున్నాను" అని రాయకు. అది నువ్వు జ్వరంలో కూడా అంటావు.

వాసితి


నాతోవా, కందావు దీవి,
ఫిబ్రవరి 19

కాబోయే ఆస్ట్రేలియా నర్సమ్మ గారికి,

బాగున్నాను.

మీ ప్లాస్టిక్ జార్జ్‌ని అడిగానని చెప్పు. నేను ఊరి నర్సుగా శిక్షణ తీసుకున్నప్పుడు మాకు బొమ్మ లేదు. వునిసేయా ఆసుపత్రిలో ఆరు వారాలు పెట్టారు. మొదటి రోజే ఒక బాలింతని చేతికిచ్చి "పట్టుకో" అన్నారు, పట్టుకున్నాను. ఆ ఆరు వారాల చదువుతోనే నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో జ్వరాలకీ, పురుళ్ళకీ, చేప ముళ్ళకీ మందు వేస్తున్నాను. నా సర్టిఫికెట్ ఇప్పటికీ గోడమీదే ఉంది. దాని వెనక బల్లి కాపురం. మూడో తరం.

కొండదారి వానలకి కోసుకుపోయింది. అంతకంటే ఏమీ లేదు. పైగా ఇప్పుడు నా పద్ధతి మారింది. ఇల్లిల్లూ తిరగడం మానేశాను. జబ్బున్నవాళ్ళే నా వరండాకి వస్తున్నారు. పెద్ద డాక్టర్లందరూ ఇలాగే చేస్తారట కదా, ఒక్కచోట కూర్చుని. నడవలేనివాళ్ళ దగ్గరికి లోసలీని వెళ్ళి వస్తుంది. దానికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి గానీ, కబుర్లు మాత్రం పూర్తిగా మోసుకొస్తుంది.

పోయిన వారం వునిసేయా నుంచి కొత్త నర్సు వచ్చింది. ఊరందర్నీ కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టి చక్కెర జబ్బు గురించి ఉపన్యాసం ఇచ్చింది. తర్వాత ఊరివాళ్ళు పెట్టిన బన్నులు మూడు తిని, టీలో ఇంకాస్త చక్కెర అడిగింది. నా వైపు తిరిగి "అక్కా, మీకు ఎప్పుడైనా పరీక్ష చేశారా?" అంది. "ఈ ఊళ్ళో పరీక్షలు చేసేది నేనమ్మా" అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయింది. మంచి పిల్ల, మాట వింటుంది.

నువ్వు ఆ ముగ్గురిలో ఉంటావు. మిగతా పదహారు మందిలో ఎవరైనా పదేళ్ళ వయసులో అత్తతో కలిసి పురుడు చూశారా? లేదు కదా. ఆ సంగతి అక్కడ చెప్పకు, భయపడతారు.

పడవ వచ్చేటప్పుడు గాజుగుడ్డ చుట్టలు ఐదు, పుండ్లు కడిగే మందు సీసా ఒకటి, మగవాళ్ళ మెత్తటి చెప్పులు పదో నంబరు ఒక జత పంపు. అన్నీ ఇసికేలికి. కొబ్బరికాయ కొట్టబోయి కాలిమీద కత్తి వేసుకున్నాడు. వాడి సంగతి నీకు తెలుసుగా.

మకెలేసి అత్త


సువా,
మార్చి 3

వరండా డాక్టరు గారికి,

ఇసికేలి బావ కోసం అన్నీ పంపుతున్నాను. ఐదు చుట్టలు! కొబ్బరికాయ కొట్టుకున్నాడా, కొబ్బరిచెట్టు కొట్టుకున్నాడా? మెత్తటి చెప్పులు కొంటుంటే దుకాణం అమ్మాయి "ఎవరికి, మీ ఆయనకా?" అంది. "కాదు, మా ఊరి అందగాడికి" అన్నాను.

ఇక్కడ చదువు మహా జోరుగా సాగుతోంది. మొన్న రెండు రోజులు, ఉదయం నుంచి సాయంత్రం దాకా, ఒకే పాఠం. ఏమిటో చెప్పుకో. పాదాలు. అవును, పాదాలే. గుండెకి ఒక పూట, మెదడుకి ఒక పూట, పాదాలకి రెండు రోజులు. మిసెస్ రోషిలా మా అందరిచేతా బూట్లు విప్పించింది. గదిలో నిలబడలేకపోయాం అత్తా, జార్జ్ ఒక్కడే తట్టుకున్నాడు.

అందరికీ తలో చిన్న అద్దం ఇచ్చింది. పక్కవాళ్ళ పాదం కింద పెట్టి చూడమంది. వేళ్ళ మధ్య చూడమంది. దూదితో తాకి "తెలుస్తోందా?" అని అడగమంది. నా జోడీ ఒక మాజీ బార్‌మన్, పేరు ఎమోరి. దూది తాకితే చక్కిలిగింతలు పెట్టినట్టు గెంతాడు. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. స్కేలు బల్లమీద పెట్టి, "చక్కెర ఉన్నవాళ్ళకి ముందు నొప్పి పోతుంది. నొప్పి పోయిందంటే బాగైందని కాదు, పాదం సంగతి ఇక మనకి తెలియదని. నిప్పుమీద అడుగేసినా తెలియదు. అందుకే కళ్ళతో చూడాలి, రోజూ చూడాలి" అంది. తర్వాత ఎందుకో కిటికీ దగ్గరికెళ్ళి కాసేపు వీధిలోకి చూస్తూ నిలబడింది. మేం ఆవిడ వెనకాల మా వేళ్ళు లెక్కపెట్టుకున్నాం.

వారంలో రెండుసార్లు వృద్ధాశ్రమానికి కూడా తీసుకెళ్తున్నారు. అక్కడ జార్జ్‌లు లేరు. ఒక ముసలాయన నా చేత గడ్డం గీయించుకుని, అద్దంలో చూసుకుని, "నువ్వు ఇంతకుముందు ఏం చేసేదానివి?" అన్నాడు. కాలర్లు కుట్టేదాన్నన్నాను. "అదే మానకుండా ఉండాల్సింది" అన్నాడు. మళ్ళీ వెళ్తే ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదట, నా కోసమే కూర్చున్నాడు.

నిన్న శనివారం కూడా కొండెక్కలేదు నువ్వు. ఇక్కడ పది రోజులుగా ఎండలు మండిపోతున్నాయి. కందావులో వాన కురుస్తూనే ఉందా?

వాసితి


నాతోవా,
మార్చి 12

వాసితికి,

కురుస్తూనే ఉంది. దేవుడు సువాకి ఒక లెక్క, మాకు ఒక లెక్క పెట్టాడు. వెళ్ళి ఆయన్నే అడుగు.

సామాన్లు చేరాయి. చెప్పులు సరిగ్గా సరిపోయాయి. ఇసికేలికి.

రెండు రోజులు పాదాలా? మీ టీచరమ్మకి ఇంకేమీ వచ్చినట్టు లేదు. పాదం అంటే ఏముంది, మురికైతే కడగాలి, తెగితే కట్టాలి. నేను చూడని పాదాలా? ఈ ఊళ్ళో ప్రతి పాదానికీ నా చేతి కట్టు ఒక్కసారైనా పడింది. అద్దాలట! ముఖం చూసుకోవడానికే తీరిక లేదిక్కడ.

ఇక ఊరి కబుర్లు. కొత్త పాస్టరు గారి ప్రసంగం ఇప్పుడు గంటన్నరకి చేరింది. అందుకే రెండు ఆదివారాలుగా చర్చికి వెళ్ళడం లేదు. దేవుడు అర్థం చేసుకుంటాడు, ఆయన కూడా వినాలి కదా పాపం. ఆడవాళ్ళు ఇంటికే వంట తెచ్చిపెడుతున్నారు. కొబ్బరిపాలలో చేమాకు, చేపలు, కర్రపెండలం. రాణి బతుకు నాది. ఈగలే ఎక్కువయ్యాయి. పొరుగింటి కుక్క నా మంచం దగ్గర్నుంచి కదలడం లేదు. ఎన్నడూ లేని ప్రేమ పుట్టుకొచ్చింది దానికి.

వాతావరణం మాత్రం బాగాలేదు. మార్చిలో చలేమిటో! మొన్న రెండు దుప్పట్లు కప్పుకున్నాను. లోసలీని నా నుదురు తాకి ఏదో అనబోతే, పోయి చేపలు తోముకోమన్నాను.

నీ పరీక్ష మీద మనసు పెట్టు. పడవలూ ఉత్తరాలూ పెట్టుకోకు. ఇక ఆ రోజు దాకా రాయకపోయినా నేనేమీ అనుకోను.

అత్త


సువా,
మార్చి 17

అత్తా,

ఈ ఉత్తరం నీకు ఇసికేలి బావ చేతికిస్తాడు. అవును, అతనే. నిన్న మార్కెట్లో యంగోనా కట్టలు అమ్ముతూ కనిపించాడు.

"ఏం బావా, కాలెలా ఉంది?" అన్నాను.

"ఏ కాలు?"

"కత్తి దిగిన కాలు."

"ఎవరికి?"

"నీకే!"

కిందికి చూసుకున్నాడు. బూట్లు ఒకదాని తర్వాత ఒకటి విప్పి కూడా చూసుకున్నాడు. "రెండూ బాగానే ఉన్నాయే" అన్నాడు అమాయకంగా. అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు ముఖం మాడ్చుకుని, కట్టలు అటు సర్దడం, ఇటు సర్దడం మొదలుపెట్టాడు.

"నన్నేమీ అడక్కు వాసితీ. నాకు బొడ్డు కోసిన మనిషి ఆవిడ. 'నా కాలి సంగతి గురించి సువాలో నోరు విప్పావంటే ఈసారి బొడ్డుతో ఆగను' అంది."

నోరు విప్పలేదు పాపం. మొత్తం చెప్పేశాడు. క్రిస్మస్ తర్వాత ఎవరిదో చావు విందులో, నేల పొయ్యిలోంచి తీసిన కాలిన రాయిమీద నువ్వు కాలు పెట్టి నిలబడ్డావట. పక్కవాళ్ళు కేకలు వేసేదాకా నీకు తెలియలేదట. అప్పట్నుంచి పుండు మానలేదట. ఊరందరికీ తెలుసట. అడిగిన ప్రతివాడికీ "నర్సు జబ్బు నర్సు చూసుకుంటుంది" అని చెప్పి పంపిస్తున్నావట. భేష్! నలభై ఏళ్ళు మందులిచ్చి సంపాదించిన పలుకుబడి అంతా ఊరి నోరు మూయించడానికి వాడావు.

నీ ఉత్తరం పట్టుకెళ్ళి మిసెస్ రోషిలాకి చదివి వినిపించాను. సిగ్గుపడు, నీ రాణి బతుకు, ఈగలు, కుక్క, చలి, అన్నీ చదివాను. కుక్క దగ్గర ఆపమంది. "ఈ ఉత్తరం రాసి ఎన్నాళ్ళయింది?" అంది. ఐదు రోజులన్నాను. "ఆ కుక్క కుళ్ళిన పుండు వాసనకే కదలడం లేదు" అంది.

అత్తా, వెటకారం ఇక్కడికి ఆపుతున్నాను. బావ చేతికి నా అద్దం ఇచ్చి పంపుతున్నాను. లోసలీని వదిన చేత పాదం కింద పట్టించి చూడు. ఎర్రగా ఉన్నా, నల్లగా ఉన్నా, వాసన వస్తున్నా, ఆ గంటే ఫైబర్ పడవ ఎక్కి వునిసేయా వెళ్ళిపో. నా జవాబు కోసం ఆగకు.

వాసితి


నాతోవా,
మార్చి 19

వాసితీ,

చూశాను. లోసలీని అద్దం పట్టుకుంది. తర్వాత అద్దం నా ఒళ్ళో పడేసి వరండా చివరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. నువ్వడిగిన రంగు ఏదో నీకు అర్థమయ్యే ఉంటుంది. రెండు వేళ్ళు.

నాకు తెలియదనుకున్నావా? ఆ వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఈ ఊరి నుంచి పదకొండు మందిని నేనే వునిసేయా తీసుకెళ్ళాను, ఇదే జబ్బుతో. ప్రతివాళ్ళనీ పడవలో తిట్టుకుంటూ తీసుకెళ్ళాను. "ముందే ఎందుకు చెప్పలేదు, గాడిదా" అని. కొందరు ఒక కాలితో తిరిగొచ్చారు. కొందరు పెట్టెలో వచ్చారు. నీ చిన్నాన్న అలాగే వచ్చాడు.

నలభై ఏళ్ళు ప్రతి ఇంట్లోనూ టీలో చక్కెర చెంచాలు లెక్కపెట్టినదాన్ని. పిల్లల చేతిలోంచి తీపి నీళ్ళ సీసాలు లాక్కున్నదాన్ని. నా టీలో ఎన్ని చెంచాలో ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది? నాకు పరీక్ష ఎవరూ చేయలేదు, నేనూ చేయించుకోలేదు. ఇప్పుడు నేను వెళ్ళి ఆ పడవలో ఏ ముఖంతో పడుకోవాలి? తిట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

నువ్వు రాకు. 27న నీకు పరీక్ష ఉంది. ముగ్గురిలో ఒకర్తివి కావాలని నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం నేను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. దాన్ని నా రెండు వేళ్ళు పాడుచేయకూడదు. వచ్చావంటే తలుపు తీయను. చెప్పాను.

అత్త


సువా పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
ఏప్రిల్ 7

వాసితికి,

వేళ్ళు రెండు పోయాయి. కాలు ఉంది. కోసిన డాక్టరు కుర్రాడికి ఇంకా మీసం సరిగ్గా రాలేదు. "ఇంకో వారం ఆలస్యమైతే మోకాలి దాకా తీయాల్సి వచ్చేది ఆంటీ" అన్నాడు. వార్డు సిస్టర్ నా చక్కెర చూసి "ఇంత పెట్టుకుని మీరు ఎలా మాట్లాడగలుగుతున్నారు?" అంది. నలభై ఏళ్ళ అలవాటు అన్నాను.

మీ మిసెస్ రోషిలా రోజూ వస్తోంది. మొదటి రోజు వచ్చి మంచం పక్కన నిలబడి "కుక్క ఉన్న ఉత్తరం మీరే రాశారా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తాం, రోటీ పప్పు తెచ్చింది. చక్కెర లేని టీ కూడా తెచ్చింది. అది టీ కాదు వాసితీ, టీ స్నానం చేసిన నీళ్ళు.

ఇద్దరం పోట్లాడుకుంటూ ఉంటాం. "ఒక్కరోజైనా వార్డులో పనిచేశావా తల్లీ?" అని అడిగాను, సూటిగా. లేదంది. కప్పులో టీ వంపుతూ చెప్పింది. వాళ్ళమ్మకి ఇదే జబ్బట. ముందు ఒక కాలు తీశారట, తర్వాత రెండోది. పదకొండేళ్ళు ఈవిడే ఎత్తి దించిందట, పాలసీలు అమ్ముకుంటూనే. "మా అమ్మ పాదాలు ఎవరైనా ఒక్కసారి తిప్పి చూసుంటే..." అని ఆపేసింది. ఇంకేం పోట్లాడతాను? ఆ టీ మొత్తం తాగేశాను.

పరీక్ష అయిపోయినా నిన్న మీ క్లాసుని వార్డుకి తీసుకొచ్చింది. సిస్టర్ ఒప్పుకుంది. పద్దెనిమిది మంది వరసగా చేతులు కడుక్కుని, నా పాదం చూసి వెళ్ళారు. ఒక పిల్ల కళ్ళు తిరిగి పడింది. ఎమోరి మాత్రం చక్కగా చూశాడు. ఆస్ట్రేలియా వాళ్ళు ఎంచుకున్న ముగ్గురిలో వాడొకడట. నీ చోట్లో వెళ్తున్నానని వాడికి ఒకటే సిగ్గు. "నువ్వు సిగ్గుపడకు, బ్యాగు సర్దుకో" అన్నాను.

డైరెక్టరు గారు కూడా దయచేశారు. ఒక పువ్వు, ఒక కాగితం తెచ్చారు. పరీక్షకి రానివాళ్ళకి సర్టిఫికెట్ ఉండదని కాగితం. పువ్వు ప్లాస్టిక్‌ది, జార్జ్‌కి చుట్టమేమో.

నువ్వు అక్కడే ఉండిపోయావని లోసలీని కబురు పంపింది. విమానంలో ఒక్కటే సీటుంది, అర్థమైంది. తర్వాతి పడవకి ఎందుకు రాలేదు? అక్కడ నీకేం పని?

అత్త


నాతోవా,
ఏప్రిల్ 16

అత్తకు,

నాకిక్కడేం పనా? నువ్వు వదిలేసి వెళ్ళిన పని.

నిన్ను వునిసేయాలో సువా విమానం ఎక్కించి తిరిగొచ్చేసరికి వరండా నిండా జనం. ఎవరికో దగ్గు, ఎవరికో చెవిపోటు. నీ మందుల పెట్టె తాళం లోసలీని వదిన నా చేతిలో పెట్టి, "ఇక నా వల్ల కాదు" అని పారిపోయింది. వునిసేయా నర్సు వచ్చి, "మీరెక్కడ శిక్షణ తీసుకున్నారు?" అంది. "చెప్పుల దుకాణం పైన" అన్నాను. ఎలా రాసుకోవాలో తెలియక పెన్ను పట్టుకుని నిలబడింది. రోగులకి మందులు తనకి చెప్పే ఇవ్వాలంది. సరేనన్నాను. కొండెక్కి రోజూ ఫోను చేస్తున్నాను.

ఆ రోజు సంగతి నీతో మాట్లాడనేలేదు. తలుపు తీయనన్నావు. మనింటి తలుపుకి గడియ ఊడి ఆరేళ్ళయింది అత్తా. నేను తోసుకుని వస్తే నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. వునిసేయా దాకా పడవలో మూడు గంటలు నీ పాదం నా ఒళ్ళోనే ఉంది. నువ్వు ఇసికేలి బావకి ఎటు తిప్పాలో చెబుతూనే ఉన్నావు, పడవ నడపడం అతనికి నువ్వే నేర్పినట్టు. ముఖంమీద కప్పుకున్న టార్పాలిన్ కింద ఏడుస్తున్నావని నాకు తెలుసు. సముద్రపు నీళ్ళన్నావు. సముద్రం ఆ రోజు అద్దంలా ఉంది. నిన్ను తిట్టాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. చివరికి ఈగలు తోలుతూ కూర్చున్నాను.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక ఊరందరి పాదాలూ చూస్తానని ప్రకటించాను. మగాళ్ళందరికీ ఒక్కసారే తోటల్లో పని గుర్తొచ్చింది. ఇసికేలి బావ దారికి అడ్డంగా నిలబడి, "నా పాదాల మీద సువాలో విచారణ జరిగింది. మీకేం రోగం, విప్పండి" అన్నాడు. విప్పారు. ఇద్దరికి దూది తగిలినట్టు తెలియలేదు. ఒకరికి వేళ్ళ మధ్య పుండు, బాగా లోతు. ఎవరనుకున్నావు? మన గంటన్నర పాస్టరు గారు. ఉబ్బిన కాలుమీద నిలబడే అన్ని ప్రసంగాలూ చేశాడు పాపం. సోమవారమే వునిసేయా పంపించాను. టైముకి వచ్చాడన్నారు.

సర్టిఫికెట్ లేదని నాకు ముందే తెలుసు. పడవ ఎక్కేముందు డైరెక్టరు గారికి చెప్పే వచ్చాను. బాధ లేదని రాస్తే అబద్ధం. 27న రేవులో కూర్చుని ఏడ్చాను. ఎమోరి అంటే కోపం లేదు. నాకేం కావాలో ఇప్పుడు నాకే తెలియడం లేదు. పొద్దున లేవగానే వరండాలో ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. అది చూస్తే ఆస్ట్రేలియా గుర్తురాదు. సాయంత్రం ఒంటరిగా కూర్చుంటే గుర్తొస్తుంది. ఊరి పెద్ద వచ్చి "ఇక నువ్వే ఉండిపో" అన్నాడు. నిన్ను అడిగి చెబుతానన్నాను.

వాసితి


సువా,
మే 5

వాసితికి,

ఊరి పెద్దకి నా మాటగా చెప్పు. నా మేనకోడలు ఎక్కడుండాలో చెప్పడానికి ఆయనెవరు?

మిసెస్ రోషిలా డైరెక్టరు గారి గదికి వెళ్ళింది. నేనూ కర్ర పట్టుకుని వెంట వెళ్ళాను. చెప్పుల దుకాణం పక్కనుంచి ఇరవై రెండు మెట్లు, ప్రాణం పోయినంత పనైంది. ఆయన "నియమాలు" అన్నాడు. రోషిలా స్కేలు బల్లమీద పెట్టి, "పరీక్షలో పాదం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. మా పందొమ్మిది మందిలో ఆ జవాబు నిజంగా రాసింది ఆమె ఒక్కతే" అంది. నేను కుర్చీలో కూర్చుని కట్టు విప్పడం మొదలుపెట్టాను, అంతే. వద్దు వద్దు అంటూ లేచి నిలబడ్డాడు. మే 18న కొత్త బ్యాచ్‌తో పాటు నీకు పరీక్ష.

ఆ కాగితం తీసుకో. తీసుకున్నాక ఆస్ట్రేలియా వెళ్తావో, సువా ఆశ్రమంలో గడ్డాలు గీస్తావో, మనూరు వస్తావో నేను అడగను. నా కోసం మాత్రం ఉండిపోకు. నాకింకా ఎనిమిది వేళ్ళున్నాయి. పైగా నీ తర్వాత లోసలీనికి నేను రక్తం చూడటం నేర్పిస్తాను. రోజూ కొంచెం కొంచెం.

వచ్చే బుధవారం పడవలో వస్తున్నాను. గురువారం తిరుగు పడవలో నువ్వు వెళ్ళాలి. పుండుకి ఉప్పునీళ్ళు తగలకూడదు కాబట్టి ఫైబర్ పడవ నుంచి ఒడ్డుదాకా ఇసికేలి నన్ను వీపుమీద మోయాలి. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

ఒక పని చెయ్యి. ఊరందర్నీ ఒడ్డుకి రమ్మను. పెద్దవాళ్ళు, పిల్లలు, పాస్టరు గారు, అందరూ. వాళ్ళ ముందు కట్టు విప్పి చూపిస్తాను. నా టీలో ఎన్ని చెంచాలుండేవో చెబుతాను. ఆ రాయి సంగతి చెబుతాను. వాళ్ళందర్నీ తిట్టిన నోటితోనే చెబుతాను.

నువ్వు నా పక్కన నిలబడు. మధ్యలో నా గొంతు ఆగిపోతే, మిగతాది నువ్వు చెప్పు.

అత్త